కీబోర్డు లోపలి బ్యాటరీ: ఏ సెల్ వేయాలి, హోల్డరా టంకమా, బ్యాటరీయే లేకుండా చేయొచ్చా?

పాత రోలాండ్, కోర్గ్, యమహా కీబోర్డు ఆన్ చేయగానే డిస్‌ప్లేలో 'బ్యాటరీ లో' అని పడితే చాలామందికి ముందు వచ్చే అనుమానం, కరెంటు మీద నడిచే కీబోర్డుకి మళ్లీ బ్యాటరీ ఏమిటని. ఆ తర్వాతి ప్రశ్న, మార్చకపోతే ఏమవుతుందని. మార్చకపోయినా సాధారణంగా కీబోర్డు పాడవదు. మీరు కూర్చుకున్న టోన్లు, అంటే సొంతంగా తయారుచేసి దాచుకున్న శబ్దాలు పోతాయి, అంతే. కచేరీ మధ్యలో ఉన్నవాళ్లకి ఆ 'అంతే' చిన్న విషయం కాదు.

సలహా అడిగితే తలా ఒక మాట చెబుతారు. వాచీ షాపులో దొరికే సెల్ వేసేయమని ఒకరు, ఛార్జ్ అయ్యేది వేస్తే ఇక జన్మలో మార్చక్కర్లేదని ఇంకొకరు, బ్యాటరీ తీసేసి, కరెంటు లేకపోయినా మర్చిపోని ఎఫ్‌రామ్ మెమరీ చిప్ పెట్టించమని మరొకరు. వీటిలో ఒకటి చాలామందికి సరైనది, ఒకటి కొద్దిమందికే సరైనది, ఒకటి దాదాపు ఎవరికీ పనికిరానిది. ఏది ఏదో తేలాలంటే షాపుకి వెళ్లేముందు మీ కీబోర్డు గురించి కొన్ని విషయాలు తెలియాలి.

ఆ బ్యాటరీ చేసే పని

1980లు, 90లలో వచ్చిన చాలా సింథసైజర్లలో మీ సొంత టోన్లు ఎస్‌రామ్ అనే మెమరీ చిప్‌లో ఉంటాయి. 6116, 6264, 62256 లాంటి నంబర్లు దాని మీద కనిపిస్తాయి. కరెంటు ఉన్నంతసేపే అది గుర్తుంచుకుంటుంది. మీరు స్విచ్ ఆపగానే 3 వోల్టుల చిన్న లిథియం సెల్ ఆ చిప్‌ను పట్టుకుని నిలబెడుతుంది. సాధారణంగా 2 వోల్టులు అందితే చాలు, చిప్‌లోని సమాచారం చెదరదు.

చిప్ తాగే కరెంటు చాలా తక్కువ. అది 1 మైక్రోఆంపియర్ అనుకుందాం. నాణెం ఆకారపు సీఆర్2032 సెల్ సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. లెక్క వేస్తే 2,20,000 గంటలు, అంటే దాదాపు 25 ఏళ్లు. చిప్ వయసు, వేడి, సెల్ తనంతట తాను అరిగిపోవడం కలిస్తే అంతకాలం రాదు. అయినా పాత మాన్యువళ్లలో రాసిన ఐదేళ్లని దాటి పదిహేనేళ్లు లాగిన సెల్స్ ఎన్నో ఉన్నాయి. అందుకే 'ఎక్కువకాలం వచ్చే బ్యాటరీ' కోసం వెతకడం నా దృష్టిలో తప్పు దారి. మామూలు సెల్లే చాలినంత కాలం వస్తుంది. ఆలోచించాల్సింది దాన్ని ఎలా బిగించాలి, మార్చేటప్పుడు టోన్లు ఎలా కాపాడుకోవాలి అనేదే.

కొనేముందు తేల్చుకోవాల్సినవి

*టోన్లు తిరిగి తెచ్చుకోగలరా?* అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సెల్ తీసిన క్షణంలో మెమరీ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత పరిస్థితి ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది.

రోలాండ్ ఎక్స్‌పీ-50, ఎక్స్‌పీ-80 లాంటివాటిలో కంపెనీ ఇచ్చిన ప్రీసెట్ టోన్లు ఈ ఎస్‌రామ్‌లో కాదు, శాశ్వతమైన రోమ్ చిప్‌లో ఉంటాయి. ఫ్యాక్టరీ సెట్టింగులు తిరిగి నింపే ఏర్పాటు మెనూలోనే ఉంది. పోయేది మీరు సేవ్ చేసుకున్న యూజర్ టోన్లు మాత్రమే. కోర్గ్ ఎం1 (1988) సంగతి వేరు. దాని ఇంటర్నల్ ప్రోగ్రాములు, కాంబినేషన్లు ఆ బ్యాటరీ మెమరీలోనే ఉంటాయి. సెల్ మార్చాక కంపెనీ టోన్లను కూడా మళ్లీ లోపలికి ఎక్కించాలి. యమహా డీఎక్స్7 (1983) కూడా అంతే. లోపలి 32 టోన్లూ పోయి, వాటి స్థానంలో చెత్త అక్షరాలు, వింత శబ్దాలు వస్తాయి. దాన్ని చూసి 'సెల్ మారిస్తే బోర్డు కాలిపోయింది' అని కంగారు పడేవాళ్లున్నారు. కాలిపోలేదు, మెమరీ ఖాళీ అయిందంతే.

విరుగుడు సిస్‌ఎక్స్ డంప్. సంగీత పరికరాల మధ్య సమాచారం పంపే మిడీ కేబుల్‌తో కీబోర్డును కంప్యూటర్‌కి కలిపి, విండోస్‌లో మిడీ-ఓఎక్స్, మ్యాక్‌లో సిస్‌ఎక్స్ లైబ్రేరియన్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో మెమరీ మొత్తాన్ని ఫైలుగా దింపుకోవచ్చు. డీఎక్స్7లోని 32 టోన్లూ కలిపి 4,104 బైట్లు మాత్రమే. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటోకన్నా ఎంతో చిన్నది. రోలాండ్ జూనో-106, కోర్గ్ పాలీసిక్స్ లాంటివాటికి క్యాసెట్ టేపులోకి సేవ్ చేసే జాక్ ఉంటుంది. క్యాసెట్ బదులు లాప్‌టాప్‌లో ఆ కీచు శబ్దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చేసుకుంటే సరిపోతుంది. ఎంపీ3గా మాత్రం చేయొద్దు. కుదింపులో సమాచారం చెదిరిపోతుంది.

చవకరకం యూఎస్‌బీ మిడీ కేబుళ్లు పెద్ద డంపుల్ని మధ్యలో తుంచేస్తాయి. అందుకే ఫైలు వచ్చిందని ఊరుకోకుండా, సెల్ తీయకముందే దాన్ని తిరిగి కీబోర్డులోకి పంపి చూడండి. 'మెమరీ ప్రొటెక్ట్' ఆఫ్‌లో లేకపోతే లోపలికి పోదు.

*అసలు సెల్ ఛార్జ్ అయ్యేదా, కాదా?* ప్రమాదం ఉన్నది ఇక్కడే. సెల్ మీది పేరు చదవండి. సీఆర్, బీఆర్ అక్షరాలతో మొదలైతే ఛార్జ్ కానివి. ఎంఎల్, వీఎల్ అని ఉంటే ఛార్జ్ అయ్యేవి. రంగు ప్లాస్టిక్ చుట్టి, మూడు చిన్న సెల్స్ కలిపి 3.6 వోల్టులుగా ఉంటే అది పాత నికెల్-కాడ్మియం ప్యాక్, అదీ ఛార్జ్ అయ్యేదే. 5.5 వోల్టులు, దాని పక్కన ఫారడ్ అని ఉంటే అది బ్యాటరీ కాదు, కరెంటును కొద్దికాలం దాచే సూపర్ కెపాసిటర్. సూత్రం సులువు: ఏ జాతిది తీశారో ఆ జాతిదే పెట్టండి. ఎంఎల్ ఉన్నచోట సీఆర్ పెడితే, సర్క్యూట్ దాన్ని ఛార్జ్ చేయడానికి చూస్తుంది. ఛార్జ్ కాకూడని లిథియం సెల్‌కి ఎదురు కరెంటు పంపితే ఉబ్బుతుంది, కారుతుంది, పగలొచ్చు కూడా.

*హోల్డర్‌లో ఉందా, టంకం వేసి ఉందా?* ఎక్స్‌పీ-50 లాంటి 90ల మోడళ్లలో చాలావాటికి హోల్డర్ ఉంటుంది, సెల్ వేలితో తీసి పెట్టొచ్చు. డీఎక్స్7, జూనో-106, డీ-50 లాంటి 80ల మోడళ్లలో సెల్‌కి రెండు లోహపు కాళ్లు అతికించి, బోర్డుకి నేరుగా టంకం వేసి ఉంటాయి.

*కీబోర్డు ఎక్కడ ఉంటుంది?* ఏసీ గదిలోనా, మే నెలలో రెంటచింతల దారిలో ఆర్కెస్ట్రా వ్యాను డిక్కీలోనా?

ఎంపికలన్నీ ఒక చూపులో

| ఎంపిక | ఎవరికి | చేతిపని | ఆయుష్షు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| కాళ్లున్న సీఆర్2032, టంకంతో | పాతది పాతగానే ఉంచాలనుకునే సేకర్తలకు | ఓ మోస్తరు | 10–15 ఏళ్లు | మళ్లీ మార్చాలంటే మళ్లీ టంకం |
| బోర్డు మీద హోల్డర్, మామూలు సీఆర్2032 | ఎక్కువమందికి | ఓ మోస్తరు, ఒక్కసారే | 10–15 ఏళ్లు | నాసిరకం హోల్డర్ అయితే కుదుపుకి వదులవుతుంది |
| వైర్లతో విడి హోల్డర్ | స్థలం చాలనివారికి, బోర్డు రంధ్రాలు దెబ్బతిన్నవారికి | సులువు | వేసిన సెల్‌ను బట్టి | సరిగా అతికించకపోతే లోపల దొర్లుతుంది |
| బీఆర్2032 | వేడిలో తిరిగేవారికి | హోల్డర్ ఉంటే సులువు | సీఆర్ అంతే, వేడిలో మెరుగు | దొరకడం కష్టం |
| ఎల్ఐఆర్2032 (ఛార్జ్ అయ్యే రకం) | ఎవరికీ కాదు | — | నెలలు | కీబోర్డులో ఛార్జ్ కాదు, త్వరగా ఖాళీ |
| సూపర్ కెపాసిటర్ | రిసీవర్లు, ట్యూనర్లకు మాత్రమే | ఓ మోస్తరు | మెమరీ నిలిచేది రోజులే | సింథ్‌కి చాలదు |
| ఎఫ్‌రామ్ చిప్ | పనితెలిసిన టెక్నీషియన్ చేతిలో ఉన్నవారికి | కష్టం | పదుల ఏళ్లు | అన్ని బోర్డుల్లో పనిచేయదు |

కాళ్లున్న సెల్‌ని అలాగే టంకం వేయడం

కంపెనీ చేసిన పద్ధతి ఇదే. కదలదు, వదులవదు. అమ్మాలనుకునే పాత సింథ్‌కి లోపల అసలు రూపమే ఉంటే బాగుంటుందనుకునే కొనుగోలుదారులూ ఉన్నారు. కాళ్ల అమరికలు రకరకాలుగా వస్తాయి కాబట్టి పాతదాని ఫొటో తీసుకుని, రంధ్రాల మధ్య దూరం కొలిచి కొనండి.

కాళ్లు లేని మామూలు సెల్ కొని దాని ఒంటి మీదే టంకం వేసే మెకానిక్కులు ఉన్నారు. ఒప్పుకోవద్దు. ఆ వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది, సెల్ ఆయుష్షు సగానికి పడిపోవడం అదృష్టం ఉంటే జరిగేది, లేకపోతే అక్కడే పేలొచ్చు. కాళ్లను ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్‌తో అతికిస్తారు, అందుకే వాటికి టంకం వేయొచ్చు.

హోల్డర్ పెట్టించడం

నన్నడిగితే 80ల కీబోర్డు ఉన్న పదిమందిలో ఎనిమిదిమందికి ఇదే చెబుతాను. ఒక్కసారి పాత సెల్ ఊడదీసి, ఆ రంధ్రాల్లో హోల్డర్ టంకం వేయిస్తే, ఇకపై సెల్ మార్చడానికి స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు. హోల్డర్ ఖరీదు సెల్ ఖరీదుకన్నా ఎక్కువ ఉండదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల విడిభాగాల షాపుల్లో అడిగితే దొరుకుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ హోల్డర్ కాళ్లు పాత రంధ్రాల్లో సరిగ్గా కూర్చోకపోవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు చేయడమూ తేలికే. పాతది తీసేముందు బోర్డు మీద గుర్తు పెట్టుకోండి. సెల్ మీద ప్లస్ గుర్తు ఉన్న వెడల్పాటి వైపు పాజిటివ్. హోల్డర్ పట్టు గట్టిగా ఉండాలి. పల్లెటూరి రోడ్ల మీద వ్యానులో కుదుపులు తినే కీబోర్డుకి పైన ప్లాస్టిక్ మూత, పక్కన స్ప్రింగ్ క్లిప్ ఉన్న రకం తీసుకోండి. పల్చటి రేకు హోల్డర్లో సెల్ ఒక్క క్షణం వదిలినా టోన్లన్నీ ఎగిరిపోతాయి, అదీ స్విచ్ ఆపి ఉన్నప్పుడు, మీకు తెలియకుండా.

పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్స్ ఇప్పుడు కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ఇంట్లో పిల్లలుంటే మంచి ఆలోచనే గానీ, ఆ పూత కొన్ని హోల్డర్లలో లోహానికి సరిగా అంటనివ్వదు. కీబోర్డు లోపలికి పూత లేనిదే మేలు.

సీఆర్2032 బదులు సీఆర్2025 ఇస్తే? రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పే, వోల్టేజీ ఒకటే. మందం 3.2 బదులు 2.5 మిల్లీమీటర్లు. హోల్డర్‌లో వదులుగా కూర్చుంటుంది, సామర్థ్యమూ తక్కువ. సర్దుకుపోవద్దు.

వైర్లతో విడి హోల్డర్

బోర్డు మీద చోటు లేకపోతే, లేదా పాత సెల్ ఊడదీసేటప్పుడు రంధ్రాల చుట్టూ రాగి పొర లేచిపోయి ఉంటే ఇది పరిష్కారం. రెండు వైర్లు బోర్డుకి, హోల్డర్‌ను డబ్బా లోపల ఖాళీ చోట రెండువైపులా అంటుకునే టేపుతో గానీ, ఇంకా మంచిదైతే జిప్ టైతో గానీ బిగిస్తారు. ఇక్కడ చోటు ఉంటే సీఆర్2450 లాంటి పెద్ద సెల్‌ను కూడా వాడొచ్చు, దాని సామర్థ్యం సుమారు 600 మిల్లీఆంపియర్ అవర్లు. అంత అవసరమా అంటే, లేదు. సెల్‌కు కూడా అరిగిపోయే వయసు ఉంది, మూడు రెట్ల సామర్థ్యం మూడు రెట్ల ఏళ్లివ్వదు.

కొందరు ఇదే పద్ధతిలో రెండు పెన్సిల్ సెల్స్ పెడతారు. 3 వోల్టులు వస్తాయి, నిజమే. కానీ పెన్సిల్ సెల్స్ రెండు మూడేళ్లకే కారడం మొదలుపెడతాయి. కారిన ద్రవం బోర్డును తినేస్తుంది. వద్దు.

బీఆర్2032

ఆకారం, వోల్టేజీ సీఆర్ లాంటివే, లోపలి రసాయనం వేరు. సీఆర్ సెల్‌ని సాధారణంగా 60 డిగ్రీల వరకే చెబుతారు, బీఆర్ 80 దాకా తట్టుకుంటుంది. వేడిలో తనంతట తాను అరిగిపోయే వేగం కూడా తక్కువ. ఎండలో నిలబెట్టిన మూసిన వ్యాను లోపల ఎంత వేడెక్కుతుందో తెలిసినవాళ్లకి దీని విలువ అర్థమవుతుంది. కొన్ని పాత కీబోర్డులు ఫ్యాక్టరీలోనే బీఆర్ సెల్‌తో వచ్చాయి.

దాని వోల్టేజీ సీఆర్‌కన్నా కాస్త తక్కువగా నిలుస్తుంది. అందుకే కొత్త బీఆర్ వేసినా కొన్ని కీబోర్డుల బ్యాటరీ చెక్‌లో తక్కువ చూపితే కంగారు అక్కర్లేదు. ఇంటి గదిలో ఉండే కీబోర్డుకి దీని కోసం వెతకడం, ఆన్‌లైన్‌లో పాత తేదీ సరుకు కొనడం కన్నా, కొత్త తేదీ ఉన్న మంచి సీఆర్ ఎంతో మేలు.

ఛార్జ్ అయ్యే సెల్స్

అమ్మకాల పేజీల్లో 'సీఆర్2032 రీఛార్జబుల్' అని కనిపించేది సాధారణంగా ఎల్ఐఆర్2032. ఛార్జ్ పూర్తయితే 4.2 వోల్టులు, సామర్థ్యం 40 మిల్లీఆంపియర్ అవర్ల చుట్టుపక్కల. సీఆర్ కోసం చేసిన సర్క్యూట్‌లో, సెల్‌లోకి కరెంటు ఎదురు రాకుండా డయోడ్ అడ్డుపెట్టి ఉంటుంది. అంటే ఈ సెల్ ఎప్పటికీ ఛార్జ్ కాదు. పైగా ఇది తనంతట తాను త్వరగా ఖాళీ అవుతుంది. రీఛార్జబుల్ అని మురిసిపోయి కొన్నది కొన్ని నెలలకే మొండికేస్తుంది. డయోడ్ లేని బోర్డులో సంగతి వేరు, అక్కడ దీన్ని అడ్డూఅదుపూ లేకుండా ఛార్జ్ చేసే ప్రమాదం ఉంది. రెండు విధాలుగానూ నష్టమే.

ఎంఎల్2032 విషయం వేరు. ఫ్యాక్టరీ నుంచే ఎంఎల్ ఉన్న పరికరంలో ఎంఎల్‌నే పెట్టాలి. సామర్థ్యం 65 మిల్లీఆంపియర్ అవర్లే, కానీ ఆన్ చేసినప్పుడల్లా నింపుకుంటుంది కాబట్టి చాలు.

ఇక కోర్గ్ పాలీసిక్స్ (1981) ఉన్నవాళ్లు ఈ పేరా శ్రద్ధగా చదవాలి. అందులో కేఎల్ఎం-367 అనే బోర్డు మీద నికెల్-కాడ్మియం ప్యాక్ ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ కారుతుంది. కారిన క్షారం పక్కనున్న రాగి దారుల్ని తినేస్తే కొన్ని కీలు పలకవు, పలికినవి తప్పుగా పలుకుతాయి. ఈ కీబోర్డు మీ దగ్గరుంటే బ్యాటరీ బాగుందా లేదా అని చూడక్కర్లేదు, ముందు దాన్ని తీయించండి. కారిన చోట వెనిగర్ అద్ది క్షారాన్ని విరిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తారు. కొత్తగా లిథియం సెల్ పెట్టాలంటే ఛార్జింగ్ దారి తప్పనిసరిగా తెంచాలి: ఛార్జ్ చేసే రెసిస్టర్ తీసేయడమో, అడ్డుగా డయోడ్ పెట్టడమో. ఆ మార్పు చేయలేని మెకానిక్ చేతికి ఈ కీబోర్డు ఇవ్వొద్దు.

సూపర్ కెపాసిటర్

హోమ్ థియేటర్ (ఏవీ) రిసీవర్లు, ఎఫ్ఎం ట్యూనర్లలో స్టేషన్ ప్రీసెట్లు, వాల్యూమ్ సెట్టింగులు నిలబెట్టడానికి ఇది ఉంటుంది. 0.1 ఫారడ్ కెపాసిటర్ 5 వోల్టుల నుంచి 2 వోల్టులకు దిగేలోపు 1 మైక్రోఆంపియర్ చొప్పున సుమారు మూడున్నర రోజులు ఇవ్వగలదు, దాని సొంత లీకేజీ కలిపితే ఇంకా తక్కువ. రిసీవర్‌కి అది చాలు. కరెంటు పోయినప్పుడల్లా మీ రిసీవర్ అన్నీ మర్చిపోతుంటే, అందులో బ్యాటరీ కోసం వెతక్కండి. ఈ కెపాసిటరే వట్టిపోయి ఉంటుంది. అదే వోల్టేజీ, అదే ఫారడ్ విలువ ఉన్నది వేయిస్తే సరి. సింథ్‌లో కాయిన్ సెల్‌ని తీసి దీన్ని పెట్టే ఆలోచన మాత్రం పక్కన పెట్టండి, ఓ వారం ఊరెళ్లి వస్తే టోన్లు ఉండవు.

ఎఫ్‌రామ్: బ్యాటరీయే లేకుండా

ఎఫ్‌రామ్ కరెంటు లేకపోయినా మర్చిపోని మెమరీ. 6264 స్థానంలో ఎఫ్ఎం16డబ్ల్యూ08, 62256 స్థానంలో ఎఫ్ఎం18డబ్ల్యూ08 పెట్టొచ్చు, కాళ్ల క్రమం కలుస్తుంది, కానీ ఈ చిప్‌లు చిన్న సైజువి కాబట్టి పాత బోర్డు రంధ్రాలకి అడాప్టర్ కావాలి. పెట్టిన తర్వాత బ్యాటరీతో సంబంధం ఉండదు. వినడానికి ఇదే అందరికీ చెప్పాల్సిన మార్గంలా ఉంటుంది. నేను చెప్పను, మూడు కారణాలున్నాయి.

ఒకటి, ఎఫ్‌రామ్ చిప్ ప్రతి సారి చదివేముందు, రాసేముందు చిప్‌కి 'ఇప్పుడు నీ వంతు' అని చెప్పే చిప్ సెలెక్ట్ లైను వోల్టేజీ కిందికి పడి మళ్లీ లేవాలి. కొన్ని పాత బోర్డుల్లో ఆ లైను అలా కిందే నిలబడి ఉంటుంది, మెమరీ చిరునామాలు మాత్రమే మారుతుంటాయి. ఎస్‌రామ్‌కి అది సమ్మతమే, ఎఫ్‌రామ్‌కి కాదు. మీ మోడల్‌లో ఇదివరకే ఎవరైనా చేసి, పనిచేసిందని తేలితేనే దిగండి.

రెండు, వోల్టేజీ. పాత బోర్డులో మెమరీ చిప్‌కి 5 వోల్టులు డయోడ్ గుండా వస్తాయి, దారిలో కొంత తగ్గుతుంది. పాత ఎఫ్ఎం1808 రకం 4.5 వోల్టుల కన్నా తగ్గితే హామీ ఇవ్వదు. డబ్ల్యూ అక్షరం ఉన్న రకాలు 2.7 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తాయి. చిప్ తెప్పించుకునేటప్పుడు ఆ అక్షరం చూడండి. ఆన్‌లైన్‌లో పేరు చెరిపి మళ్లీ ముద్రించిన చిప్‌లు తిరుగుతుంటాయి, కాబట్టి నమ్మకమైన పంపిణీదారు నుంచే కొనాలి.

మూడు, 28 కాళ్ల చిప్‌ను నలభై ఏళ్ల బోర్డు నుంచి ఊడదీయడం. టంకం పీల్చే స్టేషన్, అలవాటైన చేయి లేకపోతే బోర్డు రాగి దారులు చిప్‌తో పాటు లేచి వస్తాయి. రెండు వందల రూపాయల సెల్ పనిని బోర్డు రిపేరుగా మార్చినట్టవుతుంది.

ఇంకో చిన్న చికాకు ఉంది. బ్యాటరీ తీసేసినా కీబోర్డు ప్రతిసారీ దాని వోల్టేజీ కొలుస్తూనే ఉంటుంది, కాబట్టి 'బ్యాటరీ లో' సందేశం పోదు. రెసిస్టర్లతో ఒక చిన్న దొంగ వోల్టేజీ పెట్టి దాన్ని నమ్మించాలి, లేదా ఆ సందేశంతోనే బతకాలి.

ఎఫ్‌రామ్ నిజంగా వెలిగేది మరోచోట. కొన్ని స్టూడియో ఎఫెక్ట్ యూనిట్లలో, కొన్ని పరికరాల్లో మెమరీ చిప్, లిథియం సెల్ రెండూ ఒకే నల్లటి ఎపాక్సీ గడ్డలో కలిపి ఉంటాయి. డాలస్ కంపెనీ డీఎస్1225, డీఎస్1230 చిప్‌లు అలాంటివి. వాటి ఆయుష్షు సుమారు పదేళ్లనే చెబుతారు. అందులో సెల్ మార్చే దారి లేదు, గడ్డ మొత్తం మార్చాలి. పాత పరికరాల నుంచి పీకినవి కొంటే లోపలి సెల్ ఎంత మిగిలిందో తెలియదు. ఇక్కడ టంకం లేకుండా చిప్ తీసి పెట్టగల సాకెట్ కూడా ఉంటే ఎఫ్‌రామ్‌ను మించిన ఎంపిక లేదు.

ఎవరు ఏది చేయాలి

పెళ్లిళ్లకి, ఆర్కెస్ట్రాలకి కీబోర్డు తీసుకెళ్లేవాళ్లు సందేశం వచ్చేదాకా ఆగొద్దు. సీజన్ లేని నెలలో సిస్‌ఎక్స్ డంప్ తీసి, హోల్డర్ వేయించి, సెల్ మార్చేయండి. సెల్ మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాయండి. వ్యానులో ఎక్కువ తిరిగితే బీఆర్ దొరికితే బీఆర్, లేకుంటే సీఆర్. డంప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనే కాకుండా ఈమెయిల్‌లోనూ పెట్టుకుంటే ఏ ఊరి స్టేజీ దగ్గరైనా తిరిగి ఎక్కించుకోవచ్చు.

ఇంట్లో, హోమ్ స్టూడియోలో ఉంచుకునేవాళ్లకి టెన్షన్ లేదు. టంకం అలవాటు ఉంటే మీరే హోల్డర్ పెట్టుకోవచ్చు. లేకపోతే టీవీ, యాంప్లిఫైయర్ రిపేరు చేసే మంచి మెకానిక్ చాలు. 'నేరుగా సెల్ మీద టంకం వేయొద్దు, హోల్డర్ వేయి' అని మాత్రం ముందే చెప్పండి.

సేకర్తలకి, అమ్మేవాళ్లకి కాళ్లున్న సెల్ టంకమే మంచిది, లేదా వెనక్కి తీసేయగలిగేలా విడి హోల్డర్.

చర్చిలు, ఫంక్షన్ హాళ్లలో డిజిటల్ మిక్సర్ చూసుకునేవాళ్ల సంగతి వేరే. యమహా ఎం7సీఎల్, ఎల్ఎస్9 లాంటివి ఆన్ చేయగానే 'లో బ్యాటరీ', 'నో బ్యాటరీ' అని చెబుతాయి. ఇక్కడ మీరు చేయాల్సిన పని అన్ని సీన్లూ, సెట్టింగులూ యూఎస్‌బీలో సేవ్ చేసి, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడం. లోపల బోర్డుల అమరిక చిక్కు. బ్యాటరీ ఖర్చు ఆదా చేయబోయి లక్షల విలువైన డెస్క్‌తో ఆడుకోవద్దు.

మీరే విప్పితే

ప్లగ్ పీకి కాసేపు ఆగాక మూత తీయండి. 230 వోల్టుల మీద నడిచే స్విచ్చింగ్ సప్లై లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల పైచిలుకు ఉంటుంది, స్విచ్ ఆపిన వెంటనే అది పోదు. సప్లై బోర్డు దగ్గరకి వేలు పోనివ్వొద్దు. కొందరు టోన్లు పోకుండా కీబోర్డు ఆన్‌లో ఉంచే సెల్ మారుస్తారు. డంప్ ఫైలు ఉండగా ఆ సాహసానికి అర్థం లేదు.

మల్టీమీటర్‌తో సెల్ వోల్టేజీ చూస్తే కొత్తది 3 వోల్టులకు పైన ఉంటుంది. 2.7కి దిగితే మార్చేయండి. లిథియం సెల్ వోల్టేజీ చివరిదాకా పెద్దగా తగ్గదు, చివర్లో ఒక్కసారిగా జారుతుంది. కాబట్టి పదేళ్లు దాటిన సెల్ మీద 2.95 కనిపించినా దాన్ని నమ్ముకుని ఉండొద్దు.

కొత్త సెల్ పెట్టాక డంప్ తిరిగి ఎక్కించండి. స్విచ్ ఆపి, ఒక రాత్రి గడిచాక ఆన్ చేసి చూడండి. టోన్లు ఉంటే పని అయినట్టే. పోతే సెల్ కాదు, హోల్డర్ పట్టో, టంకమో, ప్లస్ మైనస్ తారుమారో చూసుకోవాలి.

తీసిన పాత సెల్ రెండు వైపులా టేపు చుట్టండి. పిల్లలకి అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, అలాంటి అనుమానం వస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. చెత్తబుట్టలోనూ వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చిన్న సెల్స్‌కీ వర్తిస్తాయి. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో పాత ఛార్జర్లు, కేబుళ్లతో కలిపి ఇచ్చేయొచ్చు.